చేపలకు చెవులుంటాయన్న మా బావ

మా జైపాల్ బావ ఏడాది పొడుగునా నోరు మూయడు. దసరా వెళ్లాక గోదారి ఒడ్డుకు చేపలకు పోయిన నాలుగు రోజులు మాత్రం ఎవరినీ నోరు తెరవనివ్వడు. చేపలకు చెవులుంటాయని ఆయన సిద్ధాంతం. మనిషి గొంతు వినబడితే ఎర దాకా వచ్చిన చేప కూడా వెనక్కి తిరిగిపోతుందట. అందుకని గుడారం కట్టింది మొదలు విప్పేదాకా ఒడ్డు మీద మాటలు బంద్. ఉప్పు కావాలన్నా, ఊపిరాడకపోయినా చేతులతోనే చెప్పుకోవాలి. ఇదే మాట ఏ మౌనస్వామో చెప్పి ఉంటే దండం పెట్టి ఒప్పుకునేవాళ్లం. మా బావ చెప్పేసరికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

బావకు రఘునాథపల్లిలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. అక్కడ యూరియా దొరకని రోజులు ఉంటాయి గానీ మాటలు దొరకని రోజు లేదు. ఒకసారి స్ప్రే పంపుకు వాషరు కోసం వచ్చిన రైతుకు ఎక్కాల్సిన బస్సు పోయింది, దాని వెనక బస్సూ పోయింది, మధ్యాహ్నం మా అక్క కరుణ పెట్టిన అన్నం తిన్నాడు, పొద్దుగూకాక ఇంటికి చేరి చూసుకుంటే వాషరు తెచ్చుకోవడమే మరిచిపోయాడు. పన్ను పీకించుకోవడానికి జనగామ పోయినప్పుడు నోట్లో దూది కుక్కినా బావ ముచ్చట ఆపలేదట. పాపం డాక్టరు కాసేపు విని, నొప్పి ఏ పన్నుకని మళ్లీ మొదటి నుంచి అడిగాడట. మా అక్క పెళ్లి నాటికి నేను చిన్నవాణ్ని, అయినా బాగా గుర్తుంది. అయ్యగారు మంత్రం మధ్యలో ఆపి పెళ్లికొడుకు వైపు తిరిగి, "మీ ముచ్చట కానీయుండ్రి, అయినంక నేను చదువుత" అన్నాడు.

ఇలాంటి మనిషి నోరు మూయించిన మొనగాడు ఒక్కడే, పెద్దవంగర యోహాను. పత్తి విత్తనం మొలవలేదని దుకాణానికి కొట్లాటకు వచ్చాడు. బావ ఎప్పటిలాగే అందుకున్నాడు. నేల గుణమన్నాడు, వాన తీరన్నాడు, విత్తనం పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు. యోహాను తాపీగా అంతా విని, ఆ విత్తనం తన చేనులో పడుకుని ఏమనుకుంటుందో, పక్క చేనులో మొలిచిన విత్తనం దాన్ని చూసి ఏమని ఎగతాళి చేసిందో గొంతులు మార్చి చెప్పడం మొదలుపెట్టాడు. దుకాణంలో జనం కూలబడి నవ్వారు. బావ నోరు తెరుచుకుని విన్నాడు. సాయంత్రానికి కొత్త సంచీ చేతిలో పెట్టి, వచ్చే దసరాకు చేపలకు రావాలని మాట తీసుకుని పంపాడు. అప్పటి నుంచి ఏటా నలుగురం పోతున్నాం. బావ, యోహానన్న, నేను, బండి నడపడానికీ వంట చేయడానికీ దుకాణంలో పనిచేసే శ్యాం.

మహదేవ్‌పూర్ దాటి లోపలికి పోతే గోదారి ఒడ్డున మాకు అలవాటైన తావు ఒకటి ఉంది. వానాకాలపు ఎర్రనీళ్లు దిగిపోయి నీళ్లు తేటపడే రోజులవి. రెల్లు తెల్లగా పూసి ఉంటుంది. తెల్లవారితే సన్నని చలి పెడుతుంది. పెద్ద పెద్ద మీసాల వాలుగ చేపలు లోతు విడిచి మేతకు ఒడ్డు వైపు వస్తాయి. గాలాలు వేసి, వాటి కట్టెలు ఇసుకలో గుచ్చి కూర్చున్నామంటే ఇక అక్కడంతా యోహానన్న రాజ్యమే. చర్చిలో పాట ఎత్తే గొంతు అది. నీళ్ల మీదుగా సాగిపోయి అవతలి ఒడ్డుకు తగిలేది. అవతల మహారాష్ట్ర పడవల వాళ్లు తెడ్లు ఆపి వినేవాళ్లు. అన్నీ ఆయన సొంతంగా కట్టుకున్న పాటలే. నాట్ల మీద ఒకటి, పత్తి ఏరడం మీద ఒకటి, మా బావ నోటి మీద ఏకంగా మూడు.

ఆ రోజుల కోసం నా ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది. నా ఫోనులో ఒకే ఒక్క వీడియో మిగిలింది. పొద్దున్నే నీళ్ల మీద మంచు తేలుతుంటే యోహానన్న గాలం పట్టుకుని పాడుతున్నాడు. అయితే ఆయన ముందు మా బావ నిలబడి జింకు సల్ఫేటు గురించి చెప్తున్నాడు. జింకు సల్ఫేటు అక్షరం పొల్లుపోకుండా వినబడుతుంది. పాట వెనకెక్కడో సన్నగా ఉంటుంది. ఫోను చెవికి ఆనించుకుని, బావ ఊపిరి పీల్చుకునే చోట్ల ఆ పాటను వెతుక్కుంటాను.

ఆ యోహానన్న ఈసారి మాతో గోదారికి వస్తాడా రాడా అన్నదే ఈ ఏడు మా అందరి బెంగ. ఎందుకు రాడో చెప్పాలంటే ముందు చేపల చెవుల సంగతి చెప్పాలి.

ముందటేడు గుడారం తాడు బిగించగానే బావ మమ్మల్ని వరసగా నిలబెట్టి చేపల చెవుల మీద ఉపన్యాసం ఇచ్చాడు. అవి పైకి కనబడవన్నాడు, లోపల ఉంటాయన్నాడు, అడుగుల చప్పుడుకు బెదరని చేప మాటకు బెదురుతుందన్నాడు. ఆ ఉపన్యాసం ఎంతసేపు సాగిందంటే, గోదారిలో చెవులున్న చేపలన్నీ ఆ పాటికి భద్రాచలం చేరి ఉంటాయి. చివరికి నియమం చెప్పాడు. మాట్లాడినవాడు ఆ పూట అంట్లు తోమాలి.

"మరి యోహానన్న పాట?" అన్నాను.

"పాట గూడ బంద్," అన్నాడు బావ నా మొహం చూడకుండా.

నాకు ఒళ్లు మండింది. ఆ పాట కోసమే కదా ఏడాదంతా ఆఫీసులో ఫైళ్లు మోసుకుంటూ ఎదురు చూసేది. ఎదురు తిరుగుతాడేమోనని యోహానన్న వైపు చూశాను. ఆయన గొంతు అప్పటికే కొంచెం బొంగురుగా ఉంది, ఏందన్నా అంటే జలుబన్నాడు. నియమం విని తలూపి, గాలానికి ఎర గుచ్చుకుంటూ కూర్చున్నాడు. పాట లేని గోదారి నాకెందుకు, తిరిగి పోదామనుకున్నాను. బండి తాళం శ్యాం దగ్గర ఉంది. తాళం అడగాలంటే మాట్లాడాలి, మాట్లాడితే అంట్లు తోమాలి. గమ్మున కూర్చున్నాను.

ఆ పూట అంట్లు తోమింది మాత్రం బావే. మేమెవరం మాట్లాడకుండానే, "మాట్లాడొద్దని చెప్పిన గద" అని ఒడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు.

మెల్లగా మా మధ్య చేతుల భాష ఒకటి పుట్టింది. మీసం మెలేస్తే వాలుగ చేప. నెత్తి మీద అరచేయి ఆనించి ఊగితే నీళ్ల బిందె. నడుము మీద చేతులు పెట్టి కళ్లెర్ర చేస్తే మా అక్క ఫోను చేస్తుందని. చేతులు జోడించి మెత్తగా నవ్వితే యోహానన్న భార్య పుష్పమ్మక్క ఫోను చేస్తుందని. ఉత్తి స్టీరింగు తిప్పితే శ్యాం, అరచేతిలో ముద్ర గుద్దితే నేను. నాది తొర్రూరులో సర్కారు నౌకరీ కదా, అందుకని. బావ చేతులు ఆయన నోటికంటే ఘోరం. టీ కావాలని చెప్పడానికి కూడా బర్రెను కట్టేసి పాలు పిండడం దగ్గరి నుంచి మొదలుపెట్టేవాడు. పొయ్యి అంటించే దాకా వచ్చేసరికి ఇవతల టీ చల్లారిపోయేది.

శ్యాం సంగతి ఇంకా అన్యాయం. మొదటి రోజు బావ చేపల పులుసు నోట్లో పెట్టుకుని, ఉప్పు డబ్బా వైపు చూపించి, ఎక్కువైందన్నట్టు చేతులు గట్టిగా ఊపాడు. శ్యాం ఇంకో పిడికెడు వేశాడు. బావ ఇంకా గట్టిగా ఊపాడు. శ్యాం ఇంకో పిడికెడు వేశాడు. ఆ పులుసు ఆఖరికి చేపలకే పోశాం. ఆ దెబ్బతో చాలు అనడానికి ఒక గుర్తు, ఇంకా అనడానికి ఒక గుర్తు గట్టిగా ఖాయం చేసుకున్నాం. బావ అంతటితో ఊరుకోలేదు. రోజూ పొద్దుగూకే ముందు పరీక్ష పెట్టేవాడు. పొద్దుటి నుంచి ఏం జరిగిందో ఒక్కొక్కరం చేతులతో చెప్పాలి, మిగిలినవాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పాలి. చేపలు పట్టడానికి ఈ పరీక్ష దేనికో మాకెవరికీ అంతుపట్టలేదు. అడుగుదామంటే అంట్ల భయం.

ఇక మాట్లాడక మాట్లాడక బావకు కడుపు ఉబ్బిపోయేది. మధ్యాహ్నం కాగానే గట్టు ఎక్కి అవతలికి మాయమయ్యేవాడు. ఎక్కడికి పోతున్నాడో ఒకరోజు తెలిసింది. గట్టు అవతల బర్రెలు కాసుకునే అంజమ్మ మా గుడారం దగ్గరికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"గా పటేలుకు ఏమైందయ్యా? మా బర్లను నిలవెట్టి పత్తికి ఏ మందు కొట్టాల్నో చెప్తుండు. పాలు పిండే యాల్లయితుంది, జర ఇడువమను."

నేను నియమం తప్పకుండా చేతులతో జవాబు చెప్పబోయాను. అంజమ్మ రెండడుగులు వెనక్కి వేసి, నాక్కూడా ఒక దండం పెట్టి వెళ్లిపోయింది.

నిరుటికి మేం ఆ భాషలో ఆరితేరాం. నేనూ శ్యామూ చేతులతోనే కొట్లాడుకున్నాం, చేతులతోనే రాజీ పడ్డాం. ఫారెస్టు వాచర్ లక్ష్మా వచ్చి ఎవరు మీరని అడిగితే నలుగురం నాలుగు రకాలుగా చేతులు తిప్పాం. అయ్యో పాపం అనుకున్నాడు. ఈ పక్క మొసళ్లు తిరుగుతాయని మాకు తెలియజెయ్యడానికి ఎండలో ఇసుక మీద బోర్లా పడుకుని, పాకి, నోరు తెరిచి మూసి చూపించాడు. అంత మంచి మనిషి కష్టం చూడలేక, "గది మాకెరుకే తమ్మీ" అన్నాడు బావ. లక్ష్మా లేచి బట్టలు దులుపుకుంటూ మమ్మల్ని తిట్టిన తిట్లకు నిజంగా చేపలకు చెవులుంటే ఆ రోజే చెవిటివైపోయేవి.

అందరిలోకీ యోహానన్న చేతులే ముచ్చటగా ఉండేవి. వేళ్లతోనే పిట్టను ఎగరేసేవాడు, మోటారు చెడగొట్టేవాడు, సర్పంచును నడిపించేవాడు. కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం, అదీ చప్పుడు కాకుండా. అయినా నా మనసు ఒప్పుకోలేదు. నిరుడు ఆఖరి రోజు గుడారం విప్పగానే, ఇక నియమం అయిపోయింది కదన్నా, ఒక్క పాట పాడు అని బతిమాలాను. యోహానన్న గొంతు సవరించుకుని ఒక చరణం ఎత్తాడు. సగంలో దగ్గు తెర అడ్డం పడింది. చేపలు వింటున్నాయిలే అని నవ్వి బండెక్కాడు. ఆయన గొంతు నేను వినడం అదే ఆఖరు.

చలికాలం పోయేలోగా తెలిసింది, యోహానన్నకు గొంతులో క్యాన్సరని. హైదరాబాదు దవాఖానలో గొంతుపెట్టె మొత్తం తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా తెల్లగుడ్డ. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడకు ఆనించుకుని మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారు. ఒక ఆదివారం చర్చి ముందు దాంతో నలుగురినీ పలకరించాడట. ఆ గరగరకు ఎవరి చంకలోనో ఉన్న చంటిపిల్ల జడుసుకుని ఏడ్చింది. యోహానన్న ఇంటికి వచ్చి మిషన్‌ను బియ్యం డబ్బా వెనక పెట్టేశాడు. పలక ఇస్తే రాయడు. చేనుకు పోడు. మనుషులు వస్తే గోడవైపు తిరిగి పడుకుంటాడు. వచ్చినవాళ్లు ఆయన వీపుకు ధైర్యం చెప్పి వెళ్లిపోతారు.

నేనూ వెళ్లాను. ఎవరి గొంతు కోసం ఇన్నేళ్లు ఎదురు చూశానో ఆ మనిషి ముందు నా గొంతే పెగల్లేదు. పుష్పమ్మక్క ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. బండి మీద వస్తూ తొర్రూరు దాకా ఏడ్చాను. బావ కూడా పోయి వస్తుండేవాడు. ఏమైంది బావా, తిరిగి చూసిండా అని అడిగితే, "దసరా కానీయ్. నీళ్లు తేటవడనీయ్" అనేవాడు. మా బావ నోటి నుంచి రెండే ముక్కలు రావడం నేను చూడటం అదే మొదటిసారి.

దసరా అయింది. బొలెరోలో గుడారం, గాలాలు, బియ్యం, చింతపండు అన్నీ ఎక్కించుకుని బావ, శ్యాం తొర్రూరు వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. పెద్దవంగరలో ఆ ఇంటి ముందు బండి ఆగింది. రాకపోతే ఏం చేస్తాం బావా అన్నాను. బావ చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి నడిచాడు.

యోహానన్న మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. వాకిట్లో అడుగుల చప్పుడుకు దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కున్నాడు. బావ మంచాన్ని మనిషితో సహా ముందుకు ఈడ్చి, గోడకూ మంచానికీ మధ్య సందులో దూరి కూర్చున్నాడు. బావది సన్న ఒళ్లు కాదు. సగం దూరాక పొట్ట ఇరుక్కుంది, శ్యాం మంచం ఇంకో జానెడు జరపాల్సి వచ్చింది. యోహానన్న విసురుగా ఇటు తిరిగాడు. ఇటువైపు నేనూ శ్యామూ నిలబడి ఉన్నాం. మళ్లీ అటు తిరిగాడు. బావ కదల్లేదు. కదలాలన్నా అక్కడ వీలు లేదు.

బావ చేతులు ఎత్తాడు. తనకు అలవాటైనట్టే వానాకాలం మొదలు దగ్గరి నుంచి అందుకున్నాడు. మబ్బు పట్టింది, వాన పడింది, గోదారి నిండింది, ఎర్రనీళ్లు పోయినై. యోహానన్న కళ్లు మూసుకున్నాడు. బావ చేతులు గాలిలో అలాగే ఆపి ఎదురు చూశాడు. ఒక కన్ను తెరుచుకుంది. బావ మళ్లీ అందుకున్నాడు. నీళ్లు తేటపడ్డాయి, పెద్ద పెద్ద వాలుగలు ఒడ్డుకు వచ్చినై అని చెప్పబోతూ మీసం మెలేయాల్సింది పోయి గడ్డం దువ్వాడు.

ఊరికే తప్పిపోయాడో, కావాలనే తప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. యోహానన్న ముఖం చిట్లించాడు. బావ రెండోసారీ గడ్డమే దువ్వాడు. యోహానన్న చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. విసుగ్గా మీసం మెలేసి, ఇట్ల అని చూపించింది.

ఇక ఆ చెయ్యి లోపలికి పోలేదు. రెండో చెయ్యి కూడా వచ్చింది. లేచి కూర్చున్నాడు. నోటితో మాట్లాడితే ఒక బాధ, చేతులతో మాట్లాడితే ఇంకో బాధ, నీకు ఏదీ సక్కగ రాదని బావను తిట్టాడు. పరామర్శకు వచ్చినవాళ్లు వీపు గోకి పోయారని చెప్పాడు. మిషన్ మోత వింటే తనకే భయమేస్తుందన్నాడు. ఇన్నాళ్ల మాటలు ఒక్కసారి ఎగబడుతుంటే ఆ వేళ్లు తడబడ్డాయి. ఒక్క ముక్క కూడా మేం పోగొట్టుకోలేదు. మధ్యలో నా వైపు తిరిగి అరచేతిలో ముద్ర గుద్ది, ఎందుకు చిక్కినవ్ అని అడిగాడు. నేను చేతులతో ఏం చెప్పానో నాకే తెలియదు, కళ్లు కనబడలేదు.

పుష్పమ్మక్క టీ గ్లాసులు పట్టుకుని గడపలోనే ఆగిపోయింది. మొగుడి చేతుల వంక, మా చేతుల వంక మార్చి మార్చి చూసింది. మెల్లగా నన్ను వాకిట్లోకి పిలిచింది.

"గీ ముచ్చట యాడ నేర్సిండ్రు తమ్మీ? ఇంట్ల నాకే సమజ్ గాదు ఆయన ఏం జెప్తడో."

గోదారి కాడ నేర్చినమక్కా అని చేపల చెవుల కథంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. ముందటేడా అని అడిగింది. అవునన్నాను. గ్లాసులు అరుగు మీద పెట్టి కూర్చుంది.

ఆ వేసవిలోనే యోహానన్న గొంతులో పుండు బయటపడిందట. బిడ్డ జ్యోత్స్న దగ్గరికి హైదరాబాదు పోతున్నామని ఊళ్లో చెప్పి, దవాఖానలో గొంతుకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్నారట. బండిలో తీసుకుపోయి తీసుకొచ్చింది మా బావే. మళ్లీ తిరగబెడితే గొంతే తీసేయాల్సి వస్తుందని డాక్టరు అప్పుడే చెప్పాడట. ఎవరికీ తెలియొద్దని యోహానన్న పుష్పమ్మక్కతోనూ బావతోనూ ఒట్టు వేయించుకున్నాడు.

"డాక్టర్ను జైపాలన్న ఒక్కటే అడిగిండు, మరి మాట్లాడుడెట్ల సారూ అని," అంది పుష్పమ్మక్క. "మిషన్ ఉంటది, చేతులున్నయి అన్నడు డాక్టరు. కని చేతులతోని మాట్లాడాలంటె చుట్టున్నోల్లకు గూడ గది రావాలె గద అన్నడు. జైపాలన్న ఇగ ఏం అడగలె. ఇంటికొచ్చేదాంక బండ్ల ఒక్క మాట మాట్లాడలె."

మా బావ, అయ్యగారి మంత్రాన్ని ఆపిన మా బావ, ఈ మాటను రెండేళ్లు కడుపులో దాచుకున్నాడు. మాట పోయేనాటికి మాటొకటి తయారుగా ఉండాలని మా అందరికీ బడి పెట్టి నేర్పాడు. బర్రెలతో మొరపెట్టుకుంటూ తన నోరు కట్టేసుకున్నాడు. పాట బంద్ అన్నదీ అందుకే. పాడలేని మనిషిని పాడమని నేను సతాయించకుండా, పాడలేనని ఆయన నోటితో చెప్పుకోకుండా. నేనేమో ఆ కోపంతో ఒక పూటంతా ఆయనకు టీ కూడా ఇవ్వలేదు.

లోపలికి పోయి చూస్తే యోహానన్న సంచీ సర్దుకుంటున్నాడు. బావ సందులోంచి బయటికి రావడానికి అవస్థ పడుతున్నాడు. యోహానన్నా శ్యామూ చెరో చెయ్యి పట్టుకుని లాగారు.

బండి పరకాల దాటాక అడిగాను, అయితే చేపలకు చెవులు లేవన్నమాట అని. "లేవని ఎవడన్నడు?" అన్నాడు బావ. "ఉంటయి. పైకి కనవడయి." ఇక భూపాలపల్లి దాకా అదే ముచ్చట. పుష్పమ్మక్క చెప్పిన సంగతి ఎత్తబోతే కిటికీ అద్దం దించి, రోడ్డు పక్క పత్తి చేను చూపించి, దానికి ఏ తెగులు పట్టిందో చెప్పాడు. వెనక సీట్లోంచి యోహానన్న అద్దంలో నాతో కళ్లు కలిపి, బావ మీద ఒక గుర్తు చేశాడు. అది అచ్చువేయడానికి వీలయ్యేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఒడ్డు మీద గాలాలు వేసి కూర్చున్నాం. రెల్లు పూసింది, నీళ్లు తేటగా ఉన్నాయి, అంతా ఎప్పటిలాగే ఉంది. అదే నాకు కష్టమైంది. ఈ నీళ్ల మీద ఇక ఆ పాట సాగదని తెలిసీ నా చెవులు దాని కోసమే చూస్తున్నాయి. అవతలి ఒడ్డున ఒక పడవ పోతుంటే, అందులోని మనిషైనా తెడ్డు ఆపుతాడేమోనని చూశాను. ఆపలేదు.

అంతలో యోహానన్న కట్టె వంగింది. మామూలు వంగడం కాదు, కొన నీళ్లను ముట్టింది. ఆయన ఎగిరి రెండు చేతులతో పట్టుకున్నాడు. దారం కోసుకుంటూ పోతుంటే చేప ఆయనను నీళ్లలోకి ఒక్కొక్క అడుగే ఈడ్చుకుపోతుంది. శ్యాం వల బుట్ట పట్టుకుని నడుము లోతు దాకా దిగాడు. యోహానన్న మా వైపు తిరిగాడు. ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పాలి, చెప్పడానికి చేతులు ఖాళీ లేవు.

బావ తట్టుకోలేకపోయాడు. "వాలుగనా?" అని అరిచాడు. యోహానన్న తలూపాడు. పెద్దదా అంటే ఇంకా గట్టిగా ఊపాడు. లాగుతుందా, మేం రావాల్నా, దారం ఇడవాల్నా, బావ అడుగుతూనే ఉన్నాడు, యోహానన్న కాదు కాదని తల అడ్డంగా తిప్పుతూనే ఉన్నాడు. ఆయన చెప్పాలనుకున్నది అవేవీ కావు. కాళ్లతో నీళ్లను తన్నాడు. అప్పుడు చేప వీపు పైకి తేలింది. గోదారికి పోతున్న ఇన్నేళ్లలో అంత చేపను నేను చూడలేదు. శ్యాం చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

యోహానన్న దాన్ని ఒకసారి చూశాడు. మమ్మల్ని ఒకసారి చూశాడు. కట్టె వదిలేశాడు.

కట్టె సర్రున నీళ్లలోకి పోయి మునిగింది. శ్యాం నెత్తి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. యోహానన్న ఆ వైపు కూడా చూడలేదు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి, ఖాళీ అయిన రెండు చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. చేప ఎర దగ్గర ఎంత నక్కి నక్కి వచ్చిందో, మూతి పెట్టి ఎట్ల వాసన చూసిందో, మింగాక ఎట్ల ఉలిక్కిపడిందో, పైకి తేలినప్పుడు తన ముఖంలోకి ఎంత రోషంగా చూసిందో. ఆ తల ఇంత, ఆ మీసం ఇంత అని చూపించాడు. ఆయన ముఖం వెలిగిపోతుంది. పాట ఇక రాదు, నాకు తెలుసు. కానీ పట్టిన చేపను వదిలేసి మరీ మాకు చెప్పాలనుకున్న మనిషి మా దగ్గరికి తిరిగి వచ్చాడు.

అంతా చెప్పి, చివరికి చేప పొడుగు చూపడానికి రెండు చేతులూ చాచి అలాగే ఆగాడు. బావ ప్యాంటు తడుస్తున్నా పట్టించుకోకుండా నీళ్లలోకి దిగి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"నాకు ఇనవడలే యోహానూ. ఇంకోపారి చెప్పు."

యోహానన్న విసుక్కున్నాడు. విసుక్కుంటూనే మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి చేప ఇంకో జానెడు పెరిగింది.